వేరే తీరు మనుషులు, సొంత కాళ్ల మీద నిలబడ్డ ఊర్లు

 

సంఘం వాళ్లు పిలిచి "పిల్లలకు నాలుగు మాటలు చెప్పండి మేడం" అన్నారు. మేము హాస్టల్ వార్డెన్లం. మా చేతికి మైకు దొరికితే బాగా చదవండి, శుభ్రంగా ఉండండి, ఫోను తగ్గించండి అనే మూడు మాటలే వస్తాయి. అవి రోజూ చెబుతూనే ఉంటాం, మీరు రోజూ వింటున్నట్టు కనిపిస్తూనే ఉంటారు. అందుకని ఈ రోజు వాటిని పక్కన పెట్టి వేరే సంగతి మాట్లాడుకుందాం.

మన ప్రతి గూడెంలో ఒకరో ఇద్దరో ఉంటారు. ఊరంతా ఒక తీరు, వాళ్లది ఒక తీరు. అందరూ పత్తి పెడితే ఒక తాత మాత్రం ఇంటి వెనక నాలుగు సాళ్లు పాత జొన్న వేస్తాడు. పిట్టలు తినిపోయినా సరే, మళ్లీ ఏడాది మళ్లీ వేస్తాడు. ఒక అవ్వ కనిపించిన ప్రతి సొరకాయ గింజను బూడిదలో కలిపి బుర్రలో దాస్తుంది. ఒకాయన రాత్రి పూట ఎవరూ అడగకపోయినా కిక్రీ తీసి వాయించుకుంటూ కూర్చుంటాడు. ఊర్లో వాళ్లకు పెట్టే పేరు ఒక్కటే, "తిక్క మనిషి". మీరు కూడా నవ్వే ఉంటారు. నవ్వడంలో తప్పు లేదు, వాళ్లు కూడా మనల్ని చూసి నవ్వుకుంటారు. అయితే మన ఊర్లు ఇన్ని వందల ఏండ్లు ఎట్లా నిలబడ్డాయని వెనక్కి వెతుక్కుంటూ పోతే, దారి చాలాసార్లు ఈ తిక్క మనుషుల ఇంటి ముందే ఆగుతుంది. ఆ సంగతే చెప్పాలని వచ్చాం.

ముందు మన ఊర్ల సంగతి. ఉట్నూరు, జైనూరు, సిర్పూరు యు, నార్నూరు, కెరమెరి. ఇప్పుడు బస్సులు, ఆటోలు తిరిగే పేర్లు ఇవి. మన తాతల కాలంలో ఈ గుట్టల్లో ఉన్నవి ఎడ్లబండి తొవ్వలు, కాలిబాటలు. వానాకాలం వాగు పొంగితే ఊరు ఊరే ఒక దీవి. అప్పుడు ఎవరో వచ్చి ఆదుకుంటారని చూసే వీలు లేదు. ఉన్నదానితో, ఉన్నవాళ్లతో బతకాలి. ఉప్పు, ఇనుము, బట్ట లాంటివి అంగడి నుంచి వచ్చేవి. మిగతావి చాలా వరకు ఊర్లోనే పుట్టేవి.

"సొంత కాళ్ల మీద నిలబడటం" అనే మాటను మీరు పుస్తకాల్లో చదువుతారు. ఎవరి సాయం లేకుండా ఒక్కడే గెలిచినవాడి కథలు ఫోనులో చూస్తారు. మన పెద్దలు నిలబడింది ఆ తీరుగా కాదు. గోండు రైతు పంట పండించేవాడు. ప్రధాన్ కిక్రీ పట్టుకుని వచ్చి ఆ ఇంటి గోత్రం కథ, పేన్ కథ పాడేవాడు. రైతు అతనికి ధాన్యం ఇచ్చేవాడు. కొలాం ఇంట్లో వెదురు బుట్టలు, చాటలు తయారయ్యేవి. ఊరి దేవతలకు మొక్కు తీర్చాలంటే చాలా చోట్ల గోండులు కొలాం పూజారినే పిలిచేవారు. ఓజా ఇత్తడి పోత పోసేవాడు. అంటే ఏ ఒక్క ఇల్లూ తన కాళ్ల మీద తాను నిలబడలేదు. ఊర్లో ఒకరి కాళ్ల మీద ఒకరు నిలబడితే, ఊరు తన కాళ్ల మీద నిలబడింది.

ఈ ఏర్పాటు ఇప్పటికీ మీ కళ్ల ముందు ఉంది. కేస్లాపూర్ నాగోబా జాతరకు మెస్రం వాళ్లు కాలినడకన హస్తినమడుగు దాకా వెళ్లి గోదావరి జలం తెస్తారు. పూజకు కావలసిన కుండలు సిరికొండలో కుమ్మరి ఇంట తయారవుతాయి. మన అతిపెద్ద జాతర మన బయటి కులం మనిషి చేతి కుండతో మొదలవుతుంది. 2022లో నాగోబాకు కొత్త రాతి గుడి ప్రారంభమైంది. ఆ గుడిని మెస్రం కుటుంబాలు తమ సొంత చందాలతో కట్టుకున్నాయి. కూలి చేసేవాళ్లు, ఉద్యోగం చేసేవాళ్లు, రైతులు అందరూ తలా ఇంత వేసుకున్నారు. సొంత కాళ్లు అంటే ఇవి.

ఇప్పుడు తిక్క మనుషుల దగ్గరికి వద్దాం. జైనూరు మండలం మార్లవాయి పేరు వినని వాళ్లు ఇక్కడ ఉండరు. చిన్న ఊరు. కానీ ఆ ఒక్క ఊర్లోనే మనం చెప్పుకోవలసిన వేరే తీరు మనుషులు ఇద్దరు ముగ్గురు కనిపిస్తారు.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్ అమరుడయ్యాడు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వానికి అప్పుడు అనిపించింది. ఆ పని మీద వచ్చినవాడు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్. 1909లో వియన్నాలో పుట్టిన ఆస్ట్రియా మనిషి. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి ఆయన ఇండియాలో ఉన్నాడు. ఆస్ట్రియా అప్పటికే హిట్లర్ చేతిలోకి పోయింది కాబట్టి ఆయన పాస్‌పోర్టు జర్మనీది. ఇంగ్లీషు వాళ్ల లెక్కలో శత్రుదేశం మనిషి. అందుకని హైదరాబాద్ రాజ్యం దాటి పోవద్దని కట్టడి చేశారు. చాలామంది అయితే హైదరాబాద్‌లో ఒక బంగళాలో కూర్చుని యుద్ధం అయిపోయేదాకా దినాలు లెక్కపెట్టుకునేవాళ్లు. ఈయన ముందు నల్లమల చెంచుల దగ్గరికి, తర్వాత గోదావరి గుట్టల్లో కొండరెడ్ల దగ్గరికి, ఆ తర్వాత మన దగ్గరికి వచ్చాడు. భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు.

ఒక్కసారి ఆ కాలం మన అవ్వల కళ్లతో చూడండి. తెల్లటి మనిషి, తెల్లటి ఇల్లాలు. చేతిలో కాగితం. నీ గోత్రం ఏంది, నీ పేన్ ఎవరు, పెళ్లిలో ఈ పాట ఎందుకు పాడతారు, చావులో ఈ రాయి ఎందుకు పెడతారు అని ఒకటే అడగడం. మన దృష్టిలో ఇంతకు మించిన తిక్క ఉంటుందా? తెలిసిన సంగతిని ఎవరైనా రాసుకుంటారా?

కానీ మార్లవాయి వాళ్లను చూడండి. వాళ్లు ఈ వింత మనిషిని తరమలేదు. ఊరి పటేల్ లచ్చు పటేల్ చోటు ఇచ్చాడు, మాట కలిపాడు. ఆ స్నేహం ఎంత దూరం పోయిందంటే, తర్వాత హైమెండార్ఫ్ దంపతుల కొడుకును కూడా మనవాళ్లు లచ్చు పటేల్ అనే పిలుచుకున్నారు. హైమెండార్ఫ్ పేరు అందరికీ తెలుసు. లచ్చు పటేల్ పేరు కూడా అంతే గట్టిగా తెలియాలి మీకు. వింత మనిషి ఎక్కడైనా దొరుకుతాడు, అతనికి చోటు ఇచ్చే ఊరు దొరకడమే కష్టం.

ఆ చోటులో ఏం పుట్టింది? 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. కాస్తోకూస్తో అక్షరం ముక్క తెలిసిన గోండు యువకులను వెతికి తెచ్చి టీచర్లుగా తయారు చేశారు. గోండీ మాటలతో వాచకాలు చేశారు. లిపి మాత్రం నాగరి. బిడ్డ ఇంట్లో మాట్లాడే మాటతోనే బడి మొదలుపెట్టాలి అనే సంగతి మేము టీచర్ ట్రైనింగ్‌లో పుస్తకంలో చదువుకున్నాం, పరీక్ష రాశాం. మన గుట్టల్లో ఆ పని మా ట్రైనింగ్‌కు ఎన్నో ఏండ్ల ముందే జరిగింది. ఇప్పుడు ఇక్కడున్న ఏ టీచరమ్మ అయినా, ఏ సారు అయినా, ఆ మొదటి గుంపు వెనక నడుస్తున్నవాళ్లమే.

హైమెండార్ఫ్‌ను దేవుడిని చేయమని మేము చెప్పడం లేదు. ఆయన మాట మీద వేల కుటుంబాలకు పట్టాలు వచ్చిన మాట నిజం. ఆ తర్వాత బయటివాళ్లు వచ్చి అప్పుల పేరుతో, మోసంతో చాలా భూమి గుంజుకున్న మాట కూడా నిజం. ఆయనే ముసలితనంలో మళ్లీ మన దగ్గరికి వచ్చి, పోయిన భూముల సంగతి చూసి, 1982లో వచ్చిన పుస్తకంలో రాశాడు. గిరిజనుల భూమిని గిరిజనేతరులు కొనకూడదు అనే 1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్, మనం వన్ ఆఫ్ సెవెంటీ అనుకునేది, మన దగ్గర ఉంది. కాగితం మీద ఉన్న హక్కును రోజూ కాపాడుకునేది మాత్రం బయటి నుంచి వచ్చిన మంచివాడు కాదు, మనమే.

బెట్టీ 1987లో చనిపోయారు. ఆమె సమాధి మార్లవాయిలోనే ఉంది. 1995లో లండన్‌లో చనిపోయిన హైమెండార్ఫ్ అస్థికలు కూడా తర్వాత అక్కడికే చేరాయి. ఏటా జనవరి 11న మనవాళ్లు వర్ధంతి జరుపుతారు. వెళ్లినప్పుడు సమాధి ముందు ఫోటో దిగండి, దాంతో పాటు ఊర్లోకి పోయి ఒక పెద్దాయన దగ్గర కూర్చుని ఆ కాలం మాట ఒక్కటి అడిగి రండి.

అదే మార్లవాయి మనిషి కనక రాజు. గుస్సాడీ రాజు అంటేనే అందరికీ తెలుస్తుంది. 2021లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. 2024 అక్టోబరులో ఆయన మనల్ని విడిచిపోయారు. బతికినన్ని రోజులు ఆయన పట్టుకున్నది ఒక్కటే, గుస్సాడీ ఆట. తాను ఆడటం, పిల్లలకు నేర్పడం. పద్మశ్రీ వచ్చాక చప్పట్లు కొట్టడం తేలిక. అంతకు ముందు అన్ని ఏండ్లు ఏ పేరూ లేకుండా అదే అడుగును మళ్లీ మళ్లీ నేర్పినవాడి పట్టుదల ఎంతదో ఆలోచించండి.

గుస్సాడీని ఒకసారి మన కళ్లతోనే మళ్లీ చూద్దాం. దీపావళి ముందు దండారి మొదలవుతుంది. నెమలి ఈకల టోపీ పెట్టుకుంటాడు, ఒంటికి బూడిద రాసుకుంటాడు, భుజాన తోలు, చేతిలో రోకలి లాంటి కట్టె. ఆ పండుగ దినాల్లో స్నానం చేయడు. అందరినీ ఆటపట్టిస్తాడు, పిల్లలను తరుముతాడు, నవ్విస్తాడు. మామూలు రోజుల్లో ఎవరైనా ఇట్లా చేస్తే ఏమంటాం? తిక్క అంటాం. దండారిలో అదే మనిషి ముందు వంగి దండం పెడతాం, ఆ కట్టె తాకితే మంచి జరుగుతుందని నమ్ముతాం. మన పెద్దలు వేరే తీరుకు ఒక కిరీటం పెట్టారు, ఏడాదిలో కొన్ని దినాలు దానికి కేటాయించారు. ఒక ఊరి దండారి మరో ఊరికి చుట్టంగా పోతుంది, ఆ ఊరు అన్నం పెడుతుంది, అక్కడే సంబంధాలు కలుస్తాయి. నవ్వించేవాడి చుట్టూ ఊర్లు ఒకటవుతాయి. ఇంత తెలివిగల ఏర్పాటును ఏదో ప్రోగ్రాంలో పది నిమిషాల డాన్సుగా మార్చి, మంత్రిగారి ముందు ఆడించి, అయిపోయిందని అనుకోవడం మనకు తగదు.

ఇంకొంచెం దూరం పోదాం. నార్నూరు మండలం గుంజాల. ఆ ఊర్లో కొందరి ఇండ్లలో పాత చేతిరాత పుస్తకాలు ఉండేవి. గోండీ మాట, దాని సొంత లిపి. వాటి వయసు సుమారు 1750 నాటిదని పండితుల అంచనా. బడిలో ఆ లిపి లేదు. దరఖాస్తులో లేదు. బస్సు బోర్డు మీద లేదు. దాంతో ఒక్క రూపాయి రాదు. అయినా కొందరు పెద్దలు దాన్ని చదవడం మర్చిపోలేదు, పుస్తకాలను పారేయలేదు. చుట్టుపక్కల వాళ్లకు ఇది ఎంత పనికిరాని పనిగా కనిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు. తర్వాత ప్రొఫెసర్ జయధీర్ తిరుమలరావు లాంటి వాళ్లు వచ్చి ఆ లిపి విలువను లోకానికి చెప్పారు. 2018లో యూనికోడ్ 11లో గుంజాల గోండీ లిపి చేరింది. అంటే ఇప్పుడు కంప్యూటర్‌లో, ఫోనులో ఆ అక్షరాలకు చోటు ఉంది.

చోటు వచ్చింది సరే. ఇక్కడ ఎంతమందికి ఆ లిపిలో మీ పేరు రాయడం వచ్చు? చేతులు ఎత్తమని అడగం, మిమ్మల్ని ఇబ్బంది పెట్టం. ఫోనులో అక్షరం ఉండి, నేర్చుకున్న వేలు లేకపోతే అది అద్దాల బీరువాలో పెట్టిన బొమ్మ. ఆ పెద్దలు ఏ లాభమూ లేకుండా రెండు మూడు తరాలు మోసుకొచ్చారు. మనకు అన్నీ ఉన్నాక దింపేస్తే, బరువు ఎక్కువై దింపామని చెప్పుకోలేం.

మార్లవాయికి దగ్గర్లోనే ఉషేగాం ఉంది, ఇంకో చోట కేస్లాగూడ. ఓజా వాళ్ల ఇత్తడి పోత పని అక్కడ ఉంది. ఆ పని ఎట్లా జరుగుతుందో చూడనివాళ్ల కోసం చెబుతాం. ముందు మట్టితో లోపలి ముద్ద చేస్తారు. తేనెమైనాన్ని సన్నటి దారాల్లా లాగి ఆ ముద్ద చుట్టూ చుడతారు, దాని మీదే పువ్వులు, గీతలు తీరుస్తారు. మళ్లీ పైన మట్టి పూస్తారు, ఒక సందు వదులుతారు. కాల్చితే మైనం కరిగి బయటికి పోతుంది. మైనం ఖాళీ చేసిన చోటులోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక మట్టి పగలగొడతారు. మట్టి పగిలింది కాబట్టి అదే అచ్చుతో ఇంకో బొమ్మ రాదు. ప్రతి గజ్జె, ప్రతి దీపం, ప్రతి దేవుడి బొమ్మ ఒక్కటే ఒక్కటి.

2018లో ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు, జీఐ ట్యాగ్ వచ్చింది. గుర్తింపు మంచిదే. కానీ ఇత్తడి కొనాలి, మైనం కొనాలి, బొగ్గు కావాలి, అమ్ముడుపోయేదాకా ఇల్లు గడవాలి. ఆ ఇంటి పిల్లలు కూలి పనికి పోతే తప్పు వాళ్లది అనలేం. మన ఇండ్లలో పెండ్లి అయితే ప్లాస్టిక్ దండలకు, డీజే సౌండుకు వేలు పెడతాం. అందులో కొంత పెట్టి ఉషేగాం నుంచి ఒక దీపం తెప్పిస్తే, ఓజా ఇంట్లో ఒక నెల గడుస్తుంది, మన ఇంట్లో ఒక వస్తువు తరతరాలు ఉంటుంది. పక్క మనిషి చేతి పనిని కొనడం కూడా సొంత కాళ్ల మీద నిలబడటంలో సగం పని.

ఆడవాళ్ల సంగతి చెప్పకపోతే మా చెల్లెళ్లు ఊరుకోరు. ఎండాకాలం మొదట్లో తెల్లవారక ముందే లేచి ఇప్పచెట్టు కింద పువ్వు ఏరేది ఎవరు? అవ్వలు, అమ్మలు. బయటివాళ్లకు ఇప్పపువ్వు అంటే సారా ఒక్కటే గుర్తొస్తుంది. మనలో కొందరు చదువుకున్నవాళ్లు కూడా సిగ్గుపడి ఆ పేరు ఎత్తరు. ఉట్నూరులో ఆదివాసీ ఆడవాళ్లు సహకార సంఘంగా కూడి, అదే పువ్వును పల్లీలు, నువ్వులు, బెల్లం లాంటి వాటితో కలిపి లడ్డూలు కడుతున్నారు. రక్తహీనతతో బాధపడే ఆడపిల్లలకు అవి పెట్టారు. మన అవ్వలు తినిపించిందే ఇది. కొత్తగా వచ్చింది ఏమిటంటే, సిగ్గుపడకుండా దాన్ని డబ్బాలో పెట్టి పేరు రాయడం. మొదట లడ్డూ మాట ఎత్తిన ఆడవాళ్లను చూసి ఎవరూ నవ్వలేదంటారా?

మా హాస్టల్ సంగతి ఒకటి చెబుతాం. కొత్తగా పిల్లలను చేర్చుకునేటప్పుడు ఫారంలో తండ్రి వృత్తి అనే గడి ఉంటుంది. దాదాపు అందరూ "కూలి" అని రాస్తారు. రాసిన పిల్లవాడితో మెల్లగా మాట కలిపితే తెలుస్తుంది. నాన్న కిక్రీ వాయిస్తాడు. ఇంకో అమ్మాయి నాన్న వెదురుతో బుట్ట అల్లితే నీళ్లు నిలుస్తాయా అన్నంత బిగువుగా అల్లుతాడు. ఇంకో పిల్లవాడి తాతకు అడవిలో ఏ గడ్డ తినాలో, ఏది ఎన్నిసార్లు ఉడకబెట్టి నీళ్లు పారబోశాక తినాలో తెలుసు. ఇవన్నీ ఆ గడిలో పట్టవు. అందుకని కూలి. మేము ఇప్పుడు ఫారం కింద ఖాళీ జాగాలో ఇంకో గీత గీసి, "మీ ఇంట్లో ఎవరికి ఏ పని బాగా వచ్చు?" అని రాయిస్తున్నాం. అది ఏ ఆఫీసుకూ పోదు. రాసే పిల్లవాడి ముఖం మాత్రం మారుతుంది. పెన్ను పట్టుకుని ఒక్క నిమిషం ఆలోచిస్తాడు. ఆ ఒక్క నిమిషం మాకు చాలు.

ఇక్కడ కొందరు తమ్ముళ్లు మనసులో అనుకుంటూ ఉంటారు. మేడం మళ్లీ మమ్మల్ని వెనక్కి పోయి అడవిలో ఉండమంటున్నారు అని. కాదు. కొమురం భీమ్ సంగతే తీసుకోండి. ఆయన ఊరు విడిచి పోయాడు. చాందా వైపు పోయి అచ్చు పని చేసేచోట అక్షరాలు నేర్చుకున్నాడని, అస్సాం తేయాకు తోటల్లో పని చేశాడని మన పెద్దలు చెబుతారు. అక్కడ నేర్చినది పట్టుకుని తిరిగి వచ్చాడు. జల్, జంగల్, జమీన్ అనే మాట అడవి దాటి లోకం చూసి వచ్చినవాడి మాట. బయటి చదువు, ఇంటి ఇగురం రెండూ ఉన్నప్పుడే మనిషి గట్టిగా నిలబడతాడు. మీరు నర్సు కావాలి, ఇంజనీరు కావాలి, కలెక్టరు కావాలి. అయినాక మీ తాత చేసే జొన్న పేరు మీకు తెలిసి ఉండాలి.

రెండు జాగ్రత్తలు చెప్పి ముగిస్తాం. రెండూ చేదు మాటలే.

మొదటిది. ఆదివాసీలు ఎంత గొప్పవాళ్లు, ఏమీ లేకున్నా బతుకుతారు అని పొగిడేవాళ్లు ఉంటారు. ఆ పొగడ్త వినేటప్పుడు ఒక కన్ను తెరిచి ఉంచండి. వాగు మీద వంతెన లేక నిండు చూలాలిని మంచం మీద మోసుకుపోవడం సొంత కాళ్ల మీద నిలబడటం కాదు. ఊరికి రోడ్డు, బడికి టీచరు, ఆసుపత్రిలో డాక్టరు, భూమికి పట్టా మన హక్కులు. మన ఓర్పును మెచ్చుకుని ఆ పని ఎగ్గొట్టే వీలు ఎవరికీ ఇవ్వకూడదు. బుట్ట మనం అల్లుకుంటాం, వంతెన ప్రభుత్వం కట్టాలి. ఏది చేసుకోవాలో, ఏది అడగాలో తెలిసినవాడే తెలివైనవాడు.

రెండోది ఇంకా బరువైనది. వేరే తీరు మనిషికి కిరీటం పెట్టిన మనమే, కొన్నిసార్లు వేరే తీరు మనిషిని చూసి భయపడ్డాం. ఒంటరిగా ఉండే ముసలమ్మ, తనలో తాను మాట్లాడుకునే మనిషి, రాత్రి పూట తిరిగే మనిషి. ఊర్లో ఒక బిడ్డకు జ్వరం వచ్చిందంటే చాలు, చేతబడి అని, బాణామతి అని వాళ్ల వైపు వేలు చూపించడం. ఆ వేలు ఎంత దూరం పోతుందో మీకు తెలుసు. కొట్టడం, ఊరి నుంచి తరమడం, ప్రాణం తీయడం దాకా పోయిన సంఘటనలు పేపర్లో చదివాం. జ్వరానికి కారణం దోమ, నీళ్లు. ముసలమ్మ కాదు. ఇంకో మాట, నిజంగా మనసు బాగాలేని మనిషిని నవ్వుకోవడానికి వదిలేయొద్దు, మంత్రగాడి చేతిలో పెట్టొద్దు. మనసుకు కూడా డాక్టరు ఉంటాడు, మందు ఉంటుంది. గుంపులో నలుగురు ఒకవైపు అరుస్తుంటే "ఆగండి, ముందు ఆసుపత్రికి పోదాం" అని ఒక్క చదువుకున్న పిల్ల అడ్డం నిలబడాలి. ఆ రోజు ఊరంతటికీ ఆ పిల్లే తిక్కది అవుతుంది. కానివ్వండి. ఊరిని నిలబెట్టేది ఆ తిక్కే.

ఇక మీకు ఒక పని. వార్డెన్లం కదా, హోంవర్కు ఇవ్వకుండా మైకు వదలం. ఈ సెలవుల్లో మీ ఊర్లో ఒక్క వేరే తీరు మనిషిని ఎంచుకోండి. ఫోనులో వీడియో తీసే ముందు పక్కన కూర్చోండి. అడిగి, ఒప్పుకుంటేనే తీయండి. ఈ పని ఎవరి దగ్గర నేర్చుకున్నావు తాతా అని అడగండి. నీ తర్వాత ఎవరికి వచ్చు అని అడగండి. ఆ రెండో ప్రశ్నకు చాలామంది ఏమీ మాట్లాడరు, అటు పక్కకు చూస్తారు. అప్పుడు మీరు "నాకు నేర్పు" అనండి. అంతే. పూర్తిగా రాకపోయినా ఫర్వాలేదు. ఒక పాటలో రెండు చరణాలు, ఒక బుట్టకు అడుగు, గోండీ లిపిలో మీ అమ్మ పేరు, ఏదైనా ఒకటి చేతికి వచ్చేదాకా నేర్చుకోండి.

హాస్టలు తెరిచినాక ఫారం కింద ఆ ఖాళీ గీత మీద మేము ఈసారి ఇంకో ప్రశ్న కూడా రాస్తాం. "మీ ఇంట్లో ఎవరికి ఏ పని వచ్చు?" అన్నదాని కింద, "నీకు ఏం వచ్చు?" అని. అందరూ ఏదో ఒకటి రాయాలి. ఖాళీగా వదిలినవాళ్లకు అన్నం పెట్టం అని చెప్పం, అన్నం ఎట్లాగూ పెడతాం. కానీ పెట్టేటప్పుడు ఒకసారి ముఖం వైపు చూస్తాం.